పిత్తాశయమున రాళ్లు

గోరోచనమను మాట వినని తెలుగువారరుదు. పసిపిల్లలకు తేనెలో రంగరించి నాలుకకు రాచు నాటుమందులలో అది యొకటి. మూలికలమ్ము దుకాణమున వర్తకుడు చిన్న పొట్లము విప్పి, పసుపును గోధుమరంగును కలిసిన తేలికయైన ముక్కను చూపి, గింజలయెత్తున తూచి యిచ్చును. దాని వెల మిక్కిలి హెచ్చు; కనుకనే కల్తీయు హెచ్చు. ఎవడైన అకారణముగా మిడిసిపడినచో 'వానికి గోరోజనము పెరిగినది' అని పల్లెలలో పరిహసింతురు. ఇంత పేరుపొందిన యీ వస్తువు ఏమిటని విచారించినచో, అది ఆవు కడుపుననో ఎద్దు కడుపుననో పిత్తాశయమున పుట్టిన రాయి. చీనాదేశపు వైద్యులు కూడ 'ఆవుపసుపు' అని యర్థము వచ్చు పేరుతో దీనిని తరతరములుగా మందులలో వాడుచున్నారు. పశువు కడుపున పుట్టి వెలగల సరకైన యీ రాయి, మనుష్యుని కడుపున పుట్టినచో తీరని బాధకు మూలమగును.

ఖమ్మమునకు ఉత్తరముగా అడవియంచున ఇల్లందు పట్టణమున్నది. ఈ ప్రాంతమున నేలబొగ్గు కలదని 1871లో డాక్టరు విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కనుగొనెను. 1889లో ఇచ్చట గనిపని మొదలయ్యెను. సింగరేణి యను పేరు ఇల్లందు సమీపముననున్న యొక చిన్న గ్రామమునుండి వచ్చినదే. ఊరిని పాతకాలపువారు బొగ్గుట్ట యని పిలుచుటయు కలదు. ఇచ్చటినుండి తూర్పుగా పోయినచో కొత్తగూడెము, ఆపైన గోదావరి యొడ్డున భద్రాచలము. నడుమనంతయు అడవులు, వానిలో కోయగూడెములు, లంబాడీ తండాలు. గనికార్మికులు, వర్తకులు, కాపులు, గిరిజనులు ఒకే సంతలో కలిసికొను ఊరిది.

ఇట్టి యూరి ఆసుపత్రికి ఒకేనాడు ఇద్దరు రోగులు వచ్చిరని ఊహింపుడు. ఒకరు పట్టణమున కాపురముండు 45 ఏండ్ల గృహిణి. కొంచెము స్థూలకాయము, నలుగురు బిడ్డల తల్లి. రెండవది ఆశ్రమపాఠశాలలో చదువు 14 ఏండ్ల కోయబాలిక; బక్కపలుచని పిల్ల, కన్నులు ఎప్పుడును కొంచెము పచ్చగా నుండును. ఇద్దరికిని కుడి ప్రక్క డొక్క క్రింద నొప్పియే. ధ్వనితరంగములతో కడుపులోపలి భాగములను చూపు స్కానింగు యంత్రముతో పరీక్షింపగా ఇద్దరి పిత్తాశయములందును రాళ్లు కనబడినవి. శస్త్రచికిత్స చేసి వానిని వెలికి తీసినచో, గృహిణి రాళ్లు లేతపసుపువన్నె గలిగి నున్నగా నుండును. బాలిక రాళ్లు చిన్నవై, గరుకై, బొగ్గుపలుకులవలె నల్లగా నుండును. చోటు ఒక్కటే, నొప్పి యొక్కటే, రాయి మాత్రము వేరు. ఆ భేదమునకు కారణము తెలిసినచో పిత్తాశయమున రాళ్లెట్లు పుట్టునో చాలవరకు తెలిసినట్లే.

చేపను శుభ్రపరచువారును కోడిని కోయువారును కార్జము ప్రక్కనుండు ఆకుపచ్చని చిన్నతిత్తి పగులకుండ మిక్కిలి జాగ్రత్తపడుదురు. పగిలినచో మాంసమంతయు చేదెక్కును. ఆ తిత్తియే పిత్తాశయము. పల్లెవారు దానిని పసరుతిత్తి యందురు. మనుష్యునిలో అది కాలేయమునకు అడుగుభాగమున కుడివైపున, చిన్న జామకాయవలె వ్రేలాడుచుండును. పొడవు మూడు నాలుగు అంగుళములు. అందులోని చేదురసమును చేయునది పిత్తాశయము కాదు, కాలేయము. కాలేయము రోజునకు సుమారు ముప్పాతిక లీటరు పిత్తరసమును ఊరించును. ఆ రసము సన్ననిగొట్టముద్వారా చిన్నప్రేగులోనికి దిగి, తిన్న నూనెను, నేతిని, క్రొవ్వును సన్నని తుంపరలుగా విడగొట్టి జీర్ణమగుటకు తోడ్పడును. భోజనము లేని వేళలలో ఆ రసము వృథాగా పోకుండ పసరుతిత్తిలోనికి చేరును. తిత్తి పట్టునది యేబది మిల్లీలీటర్లకు మించదు. అంత రసము అంత చిన్నతిత్తిలో ఎట్లు ఇముడునని సందేహము కలుగవచ్చును. తిత్తిగోడలు రసములోని నీటిని పీల్చివేయుచుండును. రసము ఐదునుండి పదింతలవరకు చిక్కబడును. మరల భోజనము దిగినంతనే తిత్తి ముడుచుకొని చిక్కని రసమును ప్రేగులోనికి పిండును.

ఈ చిక్కబడుటలోనే చిక్కంతయు నున్నది.

పటికబెల్లము తయారగు విధమును చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. పంచదారను వేడినీటిలో ఇక కరుగదనువరకు కరగించి, ఆ పాకములో దారము వ్రేలాడదీసి, కదలించకుండ ఉంచుదురు. కొన్ని దినములకు దారమును పట్టుకొని స్ఫటికములు పెరుగును. దీనికి మూడు కావలెను: పాకము పరిమితికి మించి చిక్కగానుండుట, స్ఫటికము పట్టుకొనుటకు ఆధారమొకటి యుండుట, పాకము కదలకుండుట. పసరుతిత్తిలో రాయి పుట్టుటకును ఈ మూడే కావలెను. రసములో కరుగవలసిన వస్తువు కరుగుటకు వీలుకానంత హెచ్చవలెను. తిత్తిగోడలనుండి ఊరు జిగురు దారమువలె ఆధారము కావలెను. తిత్తి సరిగా పిండుకొనక రసము నిలువయుండవలెను. మొదట పుట్టునది కంటికి కనబడని నలుసు. అది పొరమీద పొరగా పెరిగి ఇసుకయై, గింజయై, కొందరిలో చింతగింజంత, ఇంకను కొందరిలో నిమ్మకాయంత అగును. ఇందుకు నెలలు పట్టవచ్చును, ఏండ్లును పట్టవచ్చును. ఒక తిత్తిలో ఒక్కరాయి యుండవచ్చును, వందలుండవచ్చును. పెక్కు రాళ్లున్నచోట ఒకదానినొకటి ఒరసికొని, గచ్చకాయలవలె గుండ్రముగా నుండక పలకలు తేరియుండుటయు కలదు.

గృహిణి తిత్తిలోని పసుపురాయికి ముడిసరకు కొలెస్టరాలు. ఈ పదమును విన్నంతనే గుండెజబ్బు జ్ఞాపకము వచ్చును గాని, ఆ వస్తువు మొట్టమొదట మనుష్యులకు తెలిసినది గుండెలో కాదు, పిత్తాశయపు రాళ్లలోనే. 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున ఆ రాళ్లను కరగించి చూచినవారు దానిని వేరుపరచిరి. గ్రీకుభాషలో పిత్తమను మాటను, గట్టిదను మాటను చేర్చి తరువాత దానికి పేరు పెట్టిరి. కొలెస్టరాలు నీటిలో కరుగదు. పిత్తరసములోనుండు లవణములును, లెసితిను అను మరియొక పదార్థమును దానిని చుట్టుముట్టి, సబ్బు జిడ్డును మోసినట్లు మోయును. మోయువారు చాలినంతమంది యున్నంతకాలము చిక్కులేదు. కాలేయము కొలెస్టరాలును అధికముగా విడిచినను, మోయు లవణములు తగ్గినను, మిగిలిన కొలెస్టరాలు స్ఫటికముగా తేలును. ఈ మూడు వస్తువులును ఏ పాళ్లలో నున్నచో రసము తేటగా నిలుచునో, ఏ పాళ్లలో రాయి పుట్టునో 1968లో అమెరికా దేశపు వైద్యశాస్త్రజ్ఞులు త్రికోణాకారపు పటము గీచి చూపిరి.

పురుషులకంటె స్త్రీలకు ఈ రాళ్లు హెచ్చుగా వచ్చును. స్త్రీదేహమున సహజముగా ఊరు ఈస్ట్రోజను అను స్రావము పిత్తములోని కొలెస్టరాలును పెంచును. గర్భిణిగా నున్నపుడు హెచ్చు మరియొక స్రావము తిత్తి పిండుకొనుటను మందగింపజేయును. అందుచేత పలుమార్లు గర్భము ధరించిన స్త్రీలలో ఈ వ్యాధి తరచు కనబడును. స్థూలకాయము, మధుమేహము, నలువది దాటిన వయస్సు, ఇంటిలో మరియొకరికి ఈ రాళ్లుండుట ఇవియు కారణములే. తిండి మానుట కూడ ఒక కారణమని చెప్పినచో వింతగా తోచును. కాని రసమును పిండుమని తిత్తికి ఆజ్ఞ వచ్చునది భోజనమునుండియే. ఇంటిల్లిపాదికిని వడ్డించి పొద్దుపోయినపిమ్మట భుజించు ఇల్లాలి పిత్తరసము తిత్తిలో నిలువయుండి మరింత చిక్కబడుచుండును. బరువు తగ్గవలెనను తొందరలో కొలది వారములలోనే మితిమీరి చిక్కిపోవువారికిని రాళ్లు పుట్టుచున్నవి. కరుగుచున్న క్రొవ్వులోని కొలెస్టరాలు పిత్తములోనికి వచ్చి పడును. వంశమునకెంత బలమున్నదో తెలియుటకు అమెరికాలోని అరిజోనా ప్రాంతపు పీమా యను ఆదివాసులు నిదర్శనము. వారిలో ముప్పది దాటిన స్త్రీలలో నూటికి సుమారు డెబ్బదిమందికి ఈ రాళ్లున్నట్లు పరిశోధకులు కనుగొనిరి.

ఇక కోయబాలిక విషయము. ఆమె స్థూలకాయురాలు కాదు, నూనెగాని నేయిగాని అధికముగా తిన్నది కాదు, వయస్సు పదునాలుగే. ఆమె రాళ్లలో కొలెస్టరాలు దాదాపు లేనేలేదు. వానికి ముడిసరకు కాలేయమునుండి కాక రక్తమునుండి వచ్చినది.

రక్తమునకు ఎరుపు నిచ్చునవి ఎర్రకణములు. ఒక్కొక్క కణము ఎముకల మూలుగలో పుట్టి రమారమి 120 దినములు దేహమంతయు తిరిగి, ముసలిదై, ప్లీహములోను కాలేయములోను చితికిపోవును. సెకనుకు ఇరువది లక్షల కణములు ఇట్లు చచ్చుచు, అన్నియే క్రొత్తవి పుట్టుచుండును. చచ్చిన కణములోని ఇనుమును దేహము పొదుపరియైన గృహస్థువలె దాచుకొని మరల వాడును. మిగిలిన యెరుపు మొదట ఆకుపచ్చగను, పిదప పసుపుగను మారును. దెబ్బ తగిలి కమిలినచోట చర్మము నల్లనై, ఆకుపచ్చనై, పిదప పసుపువన్నె దాల్చి మానుట అందరికిని అనుభవమే. అచ్చట చర్మము క్రింద జరుగునదియు ఇదే. ఆ పసుపు పదార్థము పేరు బిలిరుబిను. అది నీటిలో కరుగదు. కాలేయము దానికి మరియొక ఆమ్లమును జతపరచి, కరుగునట్లు చేసి, పిత్తముతోబాటు వెలికి పంపును. పిత్తము రంగు, మలము రంగు దీనివలననే కలిగినవి. జతపరచిన బిలిరుబినులో కొంచెము తిత్తిలో మరల విడిపోవుట సహజము. అట్లు విడిపోయినది సున్నపుధాతువైన కాల్సియముతో కూడి కరుగని పదార్థమగును. ఆరోగ్యవంతులలో అది మిక్కిలి స్వల్పము గనుక కొట్టుకొనిపోవును.

బాలిక రక్తములోని కణములు 120 దినములు బ్రదుకుట లేదు. పది, ఇరువది దినములకే పగిలిపోవుచున్నవి. చచ్చు కణములు ఎన్నోరెట్లు హెచ్చుటచే కాలేయమునకు చేరు బిలిరుబిను హెచ్చును. తిత్తిలో విడిపోవునది హెచ్చును. కాల్సియముతో కూడి గట్టిపడి నల్లరాయి యగును. ఆమె కన్నుల పచ్చదనమునకును ఈ బిలిరుబినే కారణము. గూడెమునవారు పచ్చకామెర్లని భావించి ఏటేట ఆకుపసరు పోయించుచుందురు.

కణము లంత త్వరగా ఏల పగులుచున్నవి? ఎర్రకణములో హీమోగ్లోబిను అను పదార్థము నిండియుండును. ప్రాణవాయువును మోయునది అదియే. అది పూసలదండలవంటి నాలుగు గొలుసులతో నేర్పడినది. వానిలో రెండు గొలుసులకు ఒక్కొక్కదానికి 146 పూసలు. ఆ గొలుసులో ఆరవ పూస యొక్కటి మారినది. గ్లుటామికు ఆమ్లము ఉండవలసినచోట వేలిను అను మరియొకటి వచ్చి కూర్చున్నది. తక్కిన పూసలన్నియు యథాస్థానముననే యున్నవి. ఈ ఒక్క మార్పువలన, ప్రాణవాయువు తగ్గినపుడు హీమోగ్లోబిను అణువులు ఒకదానికొకటి అతుకుకొని కడ్డీలుగా పేరుకొనును. గుండ్రని కణము వంగి కొడవలి యాకారము దాల్చును. అట్టి కణము సన్ననినాళములలో చిక్కుకొని నొప్పి కలిగించును. పదే పదే వంగి, త్వరలో పగిలిపోవును. 1910లో షికాగో నగరపు వైద్యుడు జేమ్సు హెరిక్, వెస్టిండీస్ దీవులనుండి వచ్చిన యొక విద్యార్థి రక్తములో కొడవలికణములను చూచి ప్రకటించెను. లోపము హీమోగ్లోబిను అణువులోనే యున్నదని 1949లో లైనస్ పాలింగును, అతని సహచరులును నిరూపించిరి. మారిన పూస యేదో కొన్ని యేండ్లకు ఇంగ్లండులో వెర్నన్ ఇన్‌గ్రాం కనిపెట్టెను. భారతదేశమున ఈ వ్యాధి నీలగిరి కొండజాతులలో నున్నట్లు 1952లో వెల్లడియైనది. పిమ్మట మధ్యభారతపు గోండులలోను, గోదావరి ప్రాంతపు కోయలలోను, ఇంకను పెక్కు గిరిజన జాతులలోను కనబడినది.

ఇంత కీడుచేయు మార్పు అడవిప్రాంతపు జనులలో తరతరములుగా ఎట్లు నిలిచియున్నది? ఇందుకు సమాధానము దోమ చెప్పును. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాసు అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. మలేరియా క్రిమి మనుష్యుని ఎర్రకణములో చొరబడి పెరుగును. తల్లినుండిగాని తండ్రినుండిగాని, ఒక్కరినుండి మాత్రమే మారిన పూస సంక్రమించినవారి కణములలో ఆ క్రిమి బాగుగా పెరుగజాలదు. అట్టి బిడ్డలు ప్రాణాంతకమైన మలేరియాను తట్టుకొని బ్రదుకుదురని 1954లో ఆంథొనీ అల్లిసన్ ఆఫ్రికాలో పరిశీలించి చూపెను. మన్యపుజ్వరము ఏటేట పసిబిడ్డలను కొనిపోవుచున్న యడవులలో ఆ మార్పు ఒకప్పుడు కవచమైనది. తల్లిదండ్రు లిద్దరినుండియు అది సంక్రమించిన బిడ్డకు మాత్రము అదే వ్యాధియైనది. కోయబాలిక తిత్తిలోని నల్లరాయిని తరచి చూచినచో, దాని వెనుక పగిలిన కణము, కణము వెనుక మారిన పూస, పూస వెనుక అడవిలోని దోమ. ఆమె తిన్న తిండిలోగాని, ఆమె తల్లి పెంపకములోగాని దోషమేమియు లేదు.

తల్లిదండ్రులిద్దరును ఆ మార్పును మోయువారైనచో, పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట నొకపాలు వ్యాధి వచ్చు నవకాశము కలదు. నాలుగింట రెండుపాళ్లు తల్లిదండ్రులవలె మోయువారగు నవకాశము. నాలుగింట నొకపాలు ఏమియు సంక్రమింపని యవకాశము. మోయువారు సాధారణముగా ఆరోగ్యవంతులే. ఈ కారణమున వారికి రాళ్లు పుట్టవు. కనుకనే వారికి తమ రక్తములోని సంగతి తెలియదు. తలసీమియా యను మరియొక రక్తవ్యాధిలో కూడ కణములు త్వరగా నశించుటచే నల్లరాళ్లు పుట్టుచున్నవి.

గోధుమరంగు రాళ్లని మూడవ తెగ యొకటి కలదు. ఇవి తిత్తిలోకంటె పిత్తపు గొట్టములలో హెచ్చుగా పుట్టును. గొట్టములోనికి సూక్ష్మక్రిములు ప్రవేశించి బిలిరుబినును విడదీయుటయే వీనికి కారణము. ఏలికపాములు ప్రేగునుండి ఎగబ్రాకి గొట్టములో చేరి చచ్చినచో, ఆ శవము చుట్టును కూడ రాయి కట్టును. జపానులో ఒకప్పుడు ఈ రాళ్లు మెండు. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట శుభ్రత హెచ్చి, భోజనము మారగా, గోధుమరాళ్లు తగ్గి పసుపురాళ్లు పెరిగినవి.

అన్నములో పంటిక్రింద పడు మట్టిగడ్డలు, బియ్యపురాళ్లు కడుపులో చేరి ఈ రాళ్లగునని కొందరి నమ్మకము. ఇది యెంతమాత్రమును నిజము కాదు. మింగిన రాయి ప్రేగుద్వారా వెలికి పోవలసినదే గాని పసరుతిత్తిలోనికి దానికి దారి లేదు. బావినీటిలోని సున్నము దోషమనియు అందురు. మూత్రపిండములలో పుట్టు రాళ్లతో వీనిని కలిపి మాటలాడుటవలన వచ్చిన పొరపాటిది. ఆ రాళ్లు వేరు, వాని కారణములు వేరు. ఈ మధ్యకాలమున పండ్లరసమును, ఓలివు నూనెను గిన్నెలకొలది త్రాగినచో రాళ్లు మలముతో పడిపోవునని మరియొక వాడుక బయలుదేరినది. ఆకుపచ్చని గుండ్లు పడుట నిజమే. వానిని పరీక్షించినవారు అవి రాళ్లు కావనియు, త్రాగిన నూనె జీర్ణరసములతో కలిసి కడుపులో కట్టిన సబ్బుముద్దలనియు తేల్చిరి. నవ్వదగిన విషయమే, కాని ఆ నమ్మకముతో చికిత్స మానుకొన్నవానికి నవ్వు రాదు.

రాళ్లున్న ప్రతివారికిని బాధ కలుగదు. ఐదుగురిలో నలుగురు ఎన్నడును ఎరుగకయే జీవితము గడుపుదురు. అట్టి మౌనపురాళ్లను సామాన్యముగా కదలింపరు. తిత్తి ముడుచుకొనునపుడు రాయి మెడభాగమున అడ్డుపడినచో నొప్పి పుట్టును. నేతి వంటకములు తిన్న రాత్రివేళ కుడిడొక్కక్రింద మొదలై వీపునకును కుడిభుజమునకును పాకి, గంటలతరబడి యుండి, రాయి ప్రక్కకు జరిగినపుడు తగ్గును. రాయి తిత్తినుండి జారి పిత్తపుగొట్టములో చిక్కినచో పరిస్థితి విషమించును. చలిజ్వరము, కడుపునొప్పి, కన్నుల పచ్చదనము మూడును కూడివచ్చినచో గొట్టములో చీము పట్టినదని యర్థము. గొట్టపు ముఖద్వారమున అడ్డుపడిన చిన్నరాయి క్లోమమునకు వాపు తెచ్చుటయు కలదు. ఇట్టి వేళ పసరుమందునకై ఊరూర తిరుగుటయు, మణికట్టున వాతలు పెట్టించుటయు ప్రాణముతో చెలగాటము. కొడవలికణములున్న పిల్లల విషయమున మరియొక చిక్కున్నది. వారికి నాళములు మూసుకొనుటవలన కడుపునొప్పి అప్పుడప్పుడు వచ్చుచునే యుండును. 'ఇది ఎప్పుడును వచ్చునదే కదా' యని ఉపేక్షింతురు. వారిలో నొప్పి వచ్చినపుడు రాయి యేమోయని కూడ చూడవలసియున్నది. ఏలయన సామాన్యముగా పిల్లలకు రాని యీ రాళ్లు ఈ వ్యాధిగల పిల్లలకు బాల్యముననే రాజొచ్చి, యౌవనమునకు పెక్కుమందిలో కనబడును.

ఎలుగుబంటి పిత్తములో హెచ్చుగా నుండు ఒకానొక ఆమ్లమును నేడు కర్మాగారములలో తయారుచేసి గుళికలుగా ఇచ్చుచున్నారు. చిన్న కొలెస్టరాలు రాళ్లను అది నెలలతరబడి వాడగా కరగింపగలదు. నల్లరాళ్లమీద దానికి శక్తి లేదు. బాధించు రాళ్లకు నమ్మదగిన చికిత్స తిత్తినే తీసివేయుట. 1882 జూలై 15వ తేదీన బెర్లిను నగరమున కార్ల్ లాంగెన్‌బుక్ అను శస్త్రవైద్యుడు ఈ పని మొదట చేసెను. తిత్తి లేకున్న మనుష్యుడెట్లు బ్రదుకునని నాడు పెక్కుమంది సందేహించిరి. గుఱ్ఱమునకును పావురమునకును పుట్టుకతోనే ఈ తిత్తి లేదు; అవి సుఖముగానే యున్నవి. తిత్తి లేనపుడు రసము కొంచెము కొంచెముగా నేరుగా ప్రేగులోనికి దిగుచుండును. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె కడుపును నిలువున కోయక, సన్నని గొట్టముద్వారా చూచుచు తిత్తిని తీసెను. 1990లో బొంబాయిలో డాక్టరు తెహెంటన్ ఉద్వాడియా ఆ పద్ధతిని భారతదేశమున మొదలిడెను. నేడు రోగి ఒకటి రెండు దినములకే ఇంటికి నడచిపోవుచున్నాడు.

బాలికకు శస్త్రచికిత్స చేయుటలో గృహిణికంటె హెచ్చు జాగ్రత్త కావలెను. ప్రాణవాయువు తగ్గినను, చలి సోకినను, దేహములో నీరు తగ్గినను ఆమె కణములు కొడవళ్లగును. కనుక ముందుగా రక్తము నెక్కించుట, వెచ్చగా నుంచుట, నీరు తగ్గకుండ చూచుట వైద్యులు మరువరాదు. రోగి రక్తస్థితి ముందు తెలియక శస్త్రచికిత్సకు దిగుట మిక్కిలి అపాయకరము. తిత్తి తీసినంతమాత్రమున ఆమె రక్తము మారదు. ఎడతెగక క్రొత్త కణములను చేయు మూలుగకు ఫోలికు ఆమ్లము హెచ్చుగా కావలెను. అందుకై చిన్నగుళికను రోజును ఇత్తురు. ఆ ఆమ్లమును 1945లో అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గర్భములోని శిశువునకుండు హీమోగ్లోబిను కొడవలిగా మారదు. పుట్టిన పిమ్మట అది క్రమముగా తగ్గిపోవును. హైడ్రాక్సీయూరియా యను మందు దానిని మరల పెంచి, కణములు వంగుటను తగ్గించును. అప్పుడు పగులు కణములును తగ్గును.

2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశమునందలి షాడోలులో కొడవలికణవ్యాధి నిర్మూలనకై జాతీయ కార్యక్రమము ప్రారంభింపబడినది. గిరిజన ప్రాంతములందు నలువదియేండ్ల లోపువారు ఏడుకోట్లమంది రక్తమును పరీక్షించుట దాని సంకల్పము. 2047 నాటికి వ్యాధిని అంతము చేయుట లక్ష్యము. పరీక్షకు కావలసినది వ్రేలికొననుండి తీసిన రక్తపుచుక్క. పెండ్లికి పూర్వమే వధూవరులిద్దరి సంగతియు తెలిసినచో, పుట్టబోవు బిడ్డల విషయమున ముందే వైద్యుల సలహా పొందవచ్చును.

శస్త్రచికిత్స ముగిసినపిమ్మట తీసిన రాళ్లను చిన్నసీసాలో వేసి రోగి బంధువుల కిచ్చు అలవాటు పెక్కు ఆసుపత్రులలో కలదు. ఇంటివారు దానిని ఊరిలో అందరికిని చూపుదురు. సీసాలోని రాళ్లు నల్లనివై, రోగి చిన్నవయస్సుదైనచో, ఆమె అన్నదమ్ముల రక్తమును, అక్కచెల్లెండ్ర రక్తమును కూడ వెంటనే పరీక్షింపవలసియున్నది.